మూడు మెట్లు పైన మొదలైన పాట

బడిలో సంగీతం మాస్టారుగా చేరబోతున్న వారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ వాద్యం నేర్చుకుని రావాలి? దానికి జవాబు ఎవరైనా చెప్పగలరు. ఎవరూ అడగనిది ఒకటి ఉంది, దాని కోసమే ఈ కాగితాలు రాస్తున్నాను. ఈ వృత్తిలో ఒక జబ్బు పట్టుకుంటుంది. రాతి క్వారీలో పనిచేసేవాడికి దగ్గు వచ్చినంత మామూలుగా, పాటకు పక్కన కూర్చుని వాయించేవాడికి అసూయ వస్తుంది. నాకు వచ్చింది. దాని వల్ల ఇద్దరికి చెరుపు చేశాను. ఏ రోజున ఏం జరిగిందో రాసుకునే అలవాటు నాకు ఉండడం వల్ల, ఇప్పుడు జ్ఞాపకం సరిగా లేదని తప్పించుకునే అవకాశం కూడా లేదు.

పని ఎలా ఉంటుందంటే

మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరందుల్ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చారు. నేను బస్తర్ జిల్లా జగదల్‌పూర్‌లో ఒక మిషన్ బడిలో ముప్ఫైనాలుగేళ్ళు సంగీతం చెప్పాను. ఉదయం ప్రార్థన, వార్షికోత్సవం, డివిజన్ పోటీలు, బడి పక్కనే ఉన్న చర్చిలో ఆదివారం హిందీ ఆరాధన, తెలుగు ఆరాధన, నెలకొకసారి హల్బీ ఆరాధన: అన్నింటికీ వాయించేవాణ్ణి నేనే. ఒకే పాటను మూడు భాషల వాళ్ళు మూడు వేగాలతో పాడతారు. తెలుగువాళ్ళు చివరి అక్షరాన్ని వదలరు. హల్బీ వాళ్ళు మొదటి అక్షరం కోసం ఆగరు. వేళ్ళకు ఇదంతా తెలిసి ఉండాలి.

పాడిన పిల్లకు చప్పట్లు కొడతారు. పాట ఎంచిన టీచరును వేదిక మీదికి పిలుస్తారు. మైకు పెట్టినవాడికి కూడా ధన్యవాదాలు చెబుతారు. అప్పటికి వాయించినవాడు మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటూ ఉంటాడు. ఇది మొదటి ఏడాది వినయంలా అనిపిస్తుంది, పదో ఏడాదికి అన్యాయంలా అనిపిస్తుంది. ఆ రెండో దశ నుంచి జాగ్రత్తగా ఉండండి.

దేవదానం మాస్టారు

నాకు పని నేర్పినవారు చర్చి ఆర్గనిస్టు దేవదానం మాస్టారు. కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం ఆయన చేతిలో ఉండేది. బస్తర్ వానాకాలంలో చెక్క ఉబ్బి, వేళ్ళతో నొక్కే మెట్లు ఇరుక్కుపోతాయి. చెమ్మ ఆరడానికి ఆయన పెట్టె లోపల చిన్న బల్బు ఒకటి వేలాడదీసి, జూన్ నుంచి అక్టోబరు దాకా ఆర్పేవారు కాదు. కరెంటు పోయిన వారమంతా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం.

ఒక సమాధి ఆరాధనలో నన్ను వాయించమన్నారు. చనిపోయినాయన భార్య తానే పాడతానని నిలబడింది. ఆమె గొంతు వణుకుతోంది, శ్రుతి జారుతోంది. నేను ఆమెను నిలబెట్టాలనుకుని గట్టిగా తొక్కాను. దేవదానం మాస్టారు వెనక నుంచి వచ్చి నా చేతి మీద ఒక్క దెబ్బ కొట్టారు. బయటికి వచ్చాక అన్నారు:

"ఆవిడ పడిపోతున్నాది, నిజమే. నువ్వు పట్టుకున్నావా? అడ్డుకున్నావు. ఆవిడ ఎక్కడికి జారితే నువ్వూ అక్కడికి జారాల. తెలిసిందా?"

"శ్రుతి తప్పుతోంది కదండీ."

"తప్పనీరా. మొగుడు పోయినావిడకి శ్రుతి నేర్పుతావేటి?"

ఆ దెబ్బ వల్ల వాయించడం నేర్చుకున్నాను. పాడేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ మెట్టు దగ్గర భయపడతారో చూసి, వాళ్ళ కంటే అర క్షణం ముందు అక్కడికి చేరి ఉండడమే పక్కవాద్యం. ఏ శ్రుతిలో అడిగినా ఆ శ్రుతిలో వేళ్ళు నడవాలి. పన్నెండు శ్రుతుల్లోనూ ఒకే కీర్తన తడుముకోకుండా వాయించడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఈ ఏడేళ్ళ సంగతి గుర్తుంచుకోండి, నా అసూయకు వేరు అక్కడే ఉంది.

శ్రుతి పుస్తకం

ప్రతి పిల్లకూ నా పుస్తకంలో ఒక వరుస ఉండేది. పేరు, తరగతి, సుఖంగా పాడే శ్రుతి, అందుకోగల పై స్వరం, ఊపిరి నిలిచే పొడవు. పైస్వరం దగ్గర ఆమె అందుకున్న స్వరం రాయకూడదు, దాని కింది స్వరం రాయాలి. వేదిక మీద పిల్ల ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే పాడుతుంది. కింద తేదీ, వాతావరణం, జలుబు ఉందో లేదో. కార్యక్రమం జరిగిన రోజు ఏ పాట ఏ శ్రుతిలో ఎలా జరిగిందో కూడా అందులోనే రాసేవాణ్ణి.

ఈ పుస్తకాన్ని ఎగతాళి చేసిన టీచర్లు ఉన్నారు. వాళ్ళ కార్యక్రమాల్లో పిల్లలు పల్లవిలోనే కీచుమన్నప్పుడు నా దగ్గరికే వచ్చేవారు. పద్ధతిని నేను ఇప్పటికీ సమర్థిస్తాను. అయితే పుస్తకానికి ఒక గుడ్డితనం ఉంది: పరీక్ష పెట్టిన క్షణంలో పిల్ల ఎలా పాడిందో అదే రాస్తుంది.

సుమిత్ర విషయంలో అదే జరిగింది. బాసగూడ నుంచి వచ్చి మా హాస్టల్లో ఉండి చదువుకుంటున్న దొర్ల తెగ పిల్ల, అప్పటికి ఏడో తరగతి. ప్రార్థన అయ్యాక వంద మంది ముందు నిలబెట్టి, ఆమెకు అర్థం కాని హిందీ పాట పాడించి, పుస్తకంలో ఇలా రాశాను: "గొంతు మందం. పై స్వరాలు లేవు. మూడో వరుస." మూడో వరుస అంటే బృందంలో నిలబడి పెదవులు కదిపే వరుస. మూడు నిమిషాల్లో తేల్చేశాను. రెండేళ్ళు ఆమె అక్కడే నిలబడింది.

సుధీర్

నా ఉద్యోగం ముగియడానికి ఏడాది ముందు, నా తర్వాత ఈ పని చూసుకోవడానికి సుధీర్ అనే అతన్ని తాత్కాలికంగా తీసుకున్నారు. అతనిదీ కిరందుల్ లైను కుటుంబమే. ఇరవై ఏడేళ్ళు. ఏడాది చూసి, బాగుంటే ఉంచాలని, లేకపోతే నాకే మరో రెండేళ్ళు పొడిగింపు ఇవ్వాలని ప్రిన్సిపాల్ మేడం నిర్ణయించారు. అంటే ఆ బెంచీ మీద ఇద్దరిలో ఒకరే కూర్చోవాలి. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చిన రోజునే అతను తన కీబోర్డు విప్పాడు. ఫోనులో ఒకసారి విన్న పాట రెండోసారికి వాయించాడు. పిల్లలు చుట్టూ చేరారు. నా గదిలో నేను పిలిస్తే తప్ప ఎవరూ అడుగుపెట్టేవారు కాదు.

"ఏ శ్రుతి?" అని అడిగాను.

"ఏదైనా పర్లేదు మాస్టారూ. ఈ బటనుంది గదా."

నొక్కి చూపించాడు. కీబోర్డు మీద చిన్న గాజు పలకలో ఒక అంకె మారింది. వేళ్ళు ఎప్పటిలాగే తెల్ల మెట్ల మీద నడుస్తుంటే, పాట మాత్రం పైకి జరిగింది. మళ్ళీ నొక్కితే కిందికి దిగింది. అతనికి తెలిసింది ఒకే శ్రుతి. మిగతా పదకొండూ బటను చూసుకుంటుంది.

"అంటే నువ్వు మిగతావి నేర్చుకోలేదా?"

"ఎందుకండీ మాస్టారూ అంత అవస్థ?" అని నవ్వాడు. అందులో చెడ్డ ఉద్దేశం లేదు. నా ఏడేళ్ళూ ఒక బొటనవేలి కింద పోయాయని అతనికి తెలియదు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదంటే నమ్మండి.

బటను ఒక్కటే అయితే అతన్ని తీసిపారేసేవాణ్ణి. దాన్ని తిట్టడానికి స్టాఫ్ రూములో నాకు తోడు కూడా దొరికేవారు. నన్ను కాల్చినది వేరే సంగతి. అతని ఎడమ చేయి పాడేవాళ్ళతో పాటు ఊపిరి తీసుకునేది. దేవదానం మాస్టారు నా చేతి మీద కొట్టి నేర్పినది అతనికి ఎవరూ కొట్టకుండానే వచ్చింది. తలుపు పక్కన నిలబడి వినేవాణ్ణి, తప్పు దొరకాలని. చాలా రోజులు దొరకలేదు.

ఆ తర్వాత అతను సుమిత్రను మూడో వరుస నుంచి బయటికి తెచ్చాడు.

పిల్లలంతా వెళ్ళిపోయాక, ఊళ్ళో పాడే పాట ఏదైనా పాడమన్నాడట. ఆమె తన తెలుగులో పాడింది. నేను వరండాలో ఆగిపోయాను. కింది స్వరాల్లో బరువుగా మొదలై, అదే బరువుతో పైకి వెళ్ళే గొంతు. అటువంటిది ముప్ఫైనాలుగేళ్ళలో నా పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కినదాన్ని నేను మందం అని రాశాను.

సుధీర్ ఆమె కోసం పాట ఒకటి కట్టాడు. పొంగిన వాగు ఒడ్డున, అవతలి గట్టున ఉన్న అక్కను పిలిచే పిల్ల పాట. ఐదు శ్రుతి, అతని వేళ్ళకు వచ్చిన ఆ ఒక్క శ్రుతే, బటను అక్కర్లేనిది. డివిజన్ పోటీలో ఆమె ఒంటరిగా పాడాలని మేడం ఒప్పుకున్నారు. నన్ను పిలిచి, "మాస్టర్‌జీ, ఇంత గొంతు మన దగ్గర ఉన్నట్టు మీ పుస్తకంలో లేదే?" అన్నారు. మేడం పరిహాసానికే అన్నారు. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

పోటీ రోజు

నవంబరులో పోటీ జగదల్‌పూర్‌లోనే, ఒక పెద్ద హాల్లో. మా బడి తరఫున రెండు అంశాలు: ముందు మగపిల్లల బృందగానం, వెంటనే సుమిత్ర పాట. సీనియరుగా నన్ను వేదిక పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. సుధీర్ కీబోర్డు నాకు రెండడుగుల దూరంలో ఉంది.

బృందగానం కోసం అతను బటను నొక్కి శ్రుతి మూడు మెట్లు పెంచాడు. పిల్లలు బాగా పాడారు. ప్రకటించేవాడు న్యాయనిర్ణేతల పేర్లు మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. సుధీర్ లేచి వెళ్ళి సుమిత్ర చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్ల తల ఊపింది. అతను వచ్చి కూర్చుని, చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు.

గాజు పలక మీద అంకె అలాగే ఉంది. ప్లస్ మూడు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. కొంచెం వంగాను. చదివాను. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

సంగీతం తెలియని వారికి ఒక మాట చెప్పాలి. ఆ అంకె మారకపోతే అతను తనకు అలవాటైన మెట్లే నొక్కుతాడు, అయినా పాట ఐదు శ్రుతికి బదులు ఆరున్నర శ్రుతిలో మోగుతుంది. వాద్యం ఏ శ్రుతి ఇస్తే పిల్ల దాన్నే పట్టుకుంటుంది. పల్లవి ఎలాగో గడుస్తుంది. చరణంలో అక్కను పిలిచే చోట పాట పైకి వెళ్తుంది, అక్కడ ఆమె గొంతుకు దారి ఉండదు. ఇదంతా నాకు తెలుసు. ఏ మాట దగ్గర విరుగుతుందో కూడా తెలుసు.

ప్రకటించేవాడు ఇంకా చదువుతూనే ఉన్నాడు. "సుధీర్, బటను" అంటే సరిపోయేది. రెండే మాటలు. నేను చేతులు కట్టుకున్నాను.

పాట మొదలైన రెండో ఆవర్తనంలోనే అతనికి తెలిసిపోయింది. మెడ మీద నరం కనబడింది. ఏ శ్రుతిలోనైనా వాయించగలిగినవాడైతే బటను సంగతి వదిలేసి వేళ్ళను మూడు మెట్లు కిందికి జరుపుకునేవాడు. అతను బటను నొక్కడానికి ఖాళీ కోసం చూశాడు. తానే కట్టిన పాటలో తానే ఖాళీ పెట్టుకోలేదు. సుమిత్ర చరణం ఎత్తుకుంది. "అక్కా" అన్న చోట గొంతు రెండుగా చీలింది. అతను చేయి చాచి బటను నొక్కాడు. వరుస మధ్యలో శ్రుతి కింద పడింది. పిల్ల పైనే ఉండిపోయింది.

హాలు నవ్వింది. వెనక బెంచీల నుంచి ఎవరో ఆ చీలిన కేకను అనుకరించారు. సుమిత్ర నోరు తెరుచుకుని నిలబడి, తర్వాత నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. పరుగెత్తలేదు. అదే నాకు ఎక్కువ గుర్తుంది.

నివేదిక

మర్నాడు మేడం సీనియరుగా నా అభిప్రాయం రాసి ఇమ్మన్నారు. నేను పద్ధతిగా రాశాను. "వాద్యాన్ని ముందు అంశం తర్వాత సరిచేయలేదు. ఇది వాయించిన వ్యక్తి బాధ్యత. గాయని కంఠం ఆ శ్రుతిని అందుకోలేకపోయింది. యంత్రం మీద ఆధారపడే పద్ధతి బడికి తగదు." నాలుగు వాక్యాలూ నిజమే. అబద్ధం ఒక్క ముక్క రాయకుండా ఒక మనిషిని ఎలా ముంచవచ్చో చూడాలనుకున్నవారికి ఆ కాగితం పనికి వస్తుంది.

ఏడాది నిండేదాకా కూడా సుధీర్‌ను ఉంచలేదు. నాకు రెండేళ్ళ పొడిగింపు వచ్చింది. అతను కీబోర్డు సంచిలో పెట్టుకుని వెళ్ళేటప్పుడు నా గది ముందు ఆగి, "వస్తాను మాస్టారూ" అన్నాడు. నేను పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు.

అసూయ చల్లారిందా అని అడుగుతారు. లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగు కుటుంబాల వాళ్ళు, "ఆ కుర్రాడు ఏటైపోయేడండీ? బాగా వాయించేవోడు" అనేవారు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అతని తప్పులు కూడా కనబడతాయి. పంపించేశాక బాగా వాయించినవే మిగులుతాయి. ఇది మీకు ఎవరూ చెప్పరు.

సుమిత్ర క్రిస్మస్ సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇంటి దగ్గర ఏదో పని ఉంటుందనుకున్నాను, లేక అలా అనుకోవడం నాకు సులువుగా ఉంది. వేసవి సెలవుల ముందు పాత వరుసలు సరిచేస్తూ, ఆమె గదిలో ఉండే సరిత అనే అమ్మాయిని పిలిచి, వచ్చే ఏడాది సుమిత్ర పేరు ఉంచాలా అని అడిగాను.

"అది రాదు సార్."

"ఎందుకు?"

"వార్డెన్ దీదీ మీటింగ్‌ల మీ రిపోర్ట్ సదివింది గద. కంఠం అందుకోలేదని. దాని గొంతుల్నే తప్పున్నదని అందరు అన్నరు. సర్టిఫికెట్ లెక్క అయింది సార్ దానికి. ఇగ నేనేం మొకం పెట్టుకొని వస్త అన్నది."

"గొంతులో తప్పని నేను రాయలేదు."

"మరేంది సార్, అందుకోలేదంటె?"

నేను శ్రుతి పుస్తకం ముందుకు లాక్కున్నాను. పోటీ రోజు పేజీ తీశాను. బృందగానం శ్రుతి, సుమిత్ర పాట శ్రుతి, వాతావరణం. వాటి కింద నా చేతి రాతలోనే ఉంది: "పాటకు ముందు ప్లస్ 3 చూశాను." అలవాటు చొప్పున రాసేశాను. నివేదికలో మాత్రం ఎక్కించలేదు.

కిరందుల్

మర్నాడు ఉదయం బస్సులో కిరందుల్ వెళ్ళాను. సుధీర్ అక్కడి చర్చిలో వాయిస్తున్నాడని తెలుసు. మెట్ల మీద కూర్చుని వైరు కత్తిరిస్తున్నాడు.

"ఏటి మాస్టారూ, ఇలాగొచ్చేరు? బాగున్నారా?"

నిలబడే చెప్పాను. ఆ రోజు అంకె చూశానని, చెప్పలేదని. అతను వైరు కత్తిరించడం ఆపలేదు.

"నాకు తెలుసండి."

"ఎలా తెలుసు?"

"కళ్ళజోడెట్టుకున్నారు, వొంగేరు, తీసి జేబులో ఎట్టీసుకున్నారు. నా చేతులు చూస్తన్నారనుకున్నాను. పాట మొదలయ్యేక తెలిసింది ఏటి చూసేరో."

"మరి మేడంతో చెప్పలేదేం?"

"బటను వొదిలీసింది నానే గదండి. మీరు చూసేరని చెప్తే నా తప్పు తగ్గిపోద్దేటి?"

క్షమించమన్నాను. అతను కత్తిరించిన వైరు కొనను వేలికి చుట్టుకున్నాడు. తర్వాత, "నాకెందుకండీ చెప్తారు? నాకు వాయించడం వొచ్చునని నాకు తెలుసు. ఆ పిల్లకి తెలీదు. దానికి చెప్పండి" అన్నాడు.

లోపల ఎవరో పాట అందుకున్నారు. అతను వెళ్ళి కూర్చున్నాడు. శ్రుతి జారింది. అతని వేళ్ళు నల్ల మెట్ల మీదికి మారి ఆ జారుడుతో పాటు వెళ్ళాయి. గాజు పలక వైపు అతను చూడనే లేదు. ఆరు నెలల్లో నేర్చుకున్నాడు. నేను ఏడేళ్ళు పడ్డాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళి, ఆ గుమ్మంలో నిలబడి మళ్ళీ కుళ్ళుకున్నాను.

జగదల్‌పూర్ తిరిగి వచ్చి మేడంకు రెండో నివేదిక ఇచ్చాను. అందులో చూసిన సంగతి, ఊరుకున్న సంగతి రాశాను. పొడిగింపు వదులుకుంటున్నానని కూడా రాశాను. మేడం రెండుసార్లు చదివి, "మాస్టర్‌జీ, ఇది ఫైల్లో ఉంటుంది, తెలుసు కదా" అన్నారు. ఉండాలనే ఇచ్చానన్నాను. సుధీర్‌ను జూన్ నుంచి రమ్మని ఆమే ఫోన్ చేశారు.

బాసగూడ

గీదంలో బస్సు మారి బీజాపూర్ మీదుగా బాసగూడ చేరేసరికి ఎండ ముదిరింది. బీడీలకు తునికాకు కోసే రోజులు. సుమిత్ర ఇంటి ముందు పందిరి కింద ఆమె, తల్లి, అవ్వ కూర్చుని ఆకు కట్టలు కడుతున్నారు. నన్ను చూసి సుమిత్ర లేచి నిలబడింది. తల్లి కూర్చునే ఉంది.

"ఏంది సారూ, ఇంత దూరం వచ్చినవ్? కూసో. నీళ్ళు దాగు."

తాగాను. చెప్పాలనుకున్నదాన్ని బస్సులో వరుసగా అమర్చుకున్నాను. ఆ వరుస పోయింది. ఆ రోజు వాద్యం మూడు మెట్లు పైన ఉందని, ఆ శ్రుతిలో ఎవరైనా విరిగిపోతారని, నాకు ముందే తెలుసునని, వంగి అంకె చూసి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని ఊరుకున్నానని చెప్పాను.

మళ్ళీ కూర్చుని ఆకు కడుతున్న సుమిత్ర చేతులు ఆగాయి.

"అయితే నా గొంతుది తప్పు గాదా సార్?"

"కాదు."

"రిపోర్ట్‌ల రాసిండ్రు గద."

"నేనే రాశాను. దాన్ని సరిచేసి మళ్ళీ రాసి ఇచ్చాను. రెండేళ్ళ కిందట నీ గొంతు మందమని రాసినది కూడా తప్పే."

"అది గూడ రాసిండ్రా?" అంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పాక తెలిసింది.

తల్లి కట్ట ముడి బిగిస్తూ అంది: "నాలుగు నెల్లు నా బిడ్డ నోరు తెరవలె. పెండ్లిల పాడమంటె గుడిసెల దాసుకున్నది. ఇప్పుడు సెప్పుతున్నవా సారూ?"

"ఇప్పుడే చెబుతున్నానమ్మా. ముందే చెప్పవలసింది."

అవ్వకు మా తెలుగు సరిగా తెలియదు. ఏమిటని సుమిత్రను అడిగింది. సుమిత్ర దొర్లీలో చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పిన దాని కంటే అది చాలా పొడుగ్గా ఉంది. మధ్యలో ఆమె జేబులో ఏదో పెట్టుకుంటున్నట్టు, చేతులు కట్టుకున్నట్టు అభినయించింది. పక్క గుడిసెల ఆడవాళ్ళు కూడా వచ్చి చేరారు. వాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి నాలాగా వంగి కూడా చూపించింది, నా కంటే ఎక్కువగా. అందరూ నవ్వారు. నన్ను చూసే నవ్వారు. నేను ఆకుల మధ్య కూర్చుని ఉన్నాను.

అవ్వ నవ్వడం ఆపి నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"మా అవ్వ అడుగుతున్నది సార్," అంది సుమిత్ర, "అంత ముసలోడివి, అంత సదువుకున్నోడివి, నీకు ఆయన మీద అంత కుళ్ళు ఎందుకని."

ఇన్నేళ్ళు పుస్తకం నింపాను, రెండు నివేదికలు ఇచ్చాను. ఆ ప్రశ్నకు నేరుగా జవాబు ఎక్కడా రాయలేదు. యంత్రం, పద్ధతి, బాధ్యత అని రాశాను.

"అతను నా కంటే బాగా వాయిస్తాడు," అన్నాను.

సుమిత్ర దాన్ని దొర్లీలోకి మార్చింది. ఒక్క చిన్న వాక్యమే. ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ తల ఊపి కట్ట మీదికి వంగింది.

బస్సుకు టైమవుతోందని లేచాను. జూన్‌లో బడి తెరుస్తారని, పదో తరగతికి రావాలని, ముందు వరుసలో ఆమె పేరు ఉంటుందని చెప్పాను. సుమిత్ర తల్లి వైపు చూసింది. తల్లి వద్దనలేదు, మరో కట్ట చేతిలోకి తీసుకుంది.

"మీరుంటరా సార్ అప్పుడు?"

"ఉండను. సుధీర్ సారు ఉంటారు."

"అట్లయితే వస్త," అంది.